ఆర్నెల్లు అక్కడ... ఆర్నెల్లు విశాఖలో!

అమెరికాలో ఉండాలంటే గ్రీన్‌కార్డు కావాలి. గ్రీన్‌కార్డు ఉండాలంటే అమెరికాలో ఉండాలి. వినడానికి రెండూ ఒకే మాటలా ఉన్నాయి కానీ కాదు. ఆ రెండింటి మధ్యనే విశాఖపట్నంలో ఎన్నో ఇళ్లకు ఏటా తాళాలు పడుతున్నాయి, మళ్లీ తెరుచుకుంటున్నాయి.

ఉదయం ఐదున్నర. రామకృష్ణా బీచ్. కాళీమాత గుడి దగ్గర్నుంచి కురుసుర జలాంతర్గామి దాకా ఎక్కడ చూసినా నడిచేవాళ్లే. రేవులోకి వెళ్లేందుకు వంతు కోసం సముద్రంలో లంగరేసుకున్న ఓడల దీపాలు ఇంకా ఆరలేదు. నడకతోపాటు కబుర్లూ నడుస్తుంటాయి. షుగరు, మోకాళ్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, స్టీల్‌ప్లాంటు సంగతులు. నవంబరు వచ్చేసరికి ఆ గుంపుల్లో కొన్ని పాత ముఖాలు కొత్తగా కనిపిస్తాయి.

‘ఎప్పుడొచ్చారు?’

‘దీపావళికి ముందే దిగామండీ.’

‘ఎన్నాళ్లుంటారేంటి?’

‘ఏప్రిల్ ఇరవై నాలుగు దాకా.’

నెల చెప్పరు, తేదీ చెబుతారు! తడుముకోకుండా చెబుతారు. పక్కనున్నవాళ్లకు అర్థమైపోతుంది, వీళ్లు గ్రీన్‌కార్డు వాళ్లని. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా శీతాకాలం ముందు విదేశీ పక్షులు వచ్చి, ఎండలు ముదిరేసరికి ఎగిరిపోతాయి. బీచ్‌లో నడిచే మిత్రులు వీళ్లనీ ఆ పేరుతోనే ఆటపట్టిస్తుంటారు. తేడా ఏంటంటే, ఆ పక్షులకు పాస్‌పోర్టులు లేవు.

ఈ ఊరే ఎందుకు?

విశాఖ ఉద్యోగస్తుల ఊరు. 1933లో రేవు తెరుచుకున్నాక పోర్టు, తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, నేవీ, రైల్వే... అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే ఎక్కువ పోరాటంతో స్టీల్‌ప్లాంటు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ సాధించుకున్న కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితమయ్యేసరికి 1992 వచ్చింది. ఈ సంస్థల క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు చదువే ఆస్తి. ఉక్కునగరంలో, పోర్టు కాలనీల్లో, నేవల్ క్వార్టర్లలో ఎంసెట్ ర్యాంకే పెద్ద పండగ. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ గేటు దాటినవాళ్లు 1990ల చివర్లో వైటూకే పుణ్యమా అని సముద్రాలు దాటారు. అంతకు ముందే, 1970ల్లోనే, ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు దారి వేసి పెట్టారు.

ఆ పిల్లలిప్పుడు అక్కడి పౌరులు. ఇరవై ఒక్కేళ్లు నిండిన అమెరికా పౌరులెవరైనా తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టొచ్చు. అన్నదమ్ముల కేటగిరీలో అయితే ఏళ్లూ పూళ్లూ క్యూలో ఉండాలి. తల్లిదండ్రులకు ఆ క్యూ లేదు, ఏడాదికి ఇన్నేనన్న పరిమితీ లేదు. కాగితాలు పక్కాగా ఉంటే ముంబయిలో ఇంటర్వ్యూ, ఆపైన ప్రయాణం. కార్డు పోస్టులో వస్తుంది. అక్కడిదాకా సులువే. అసలు కథ కార్డు చేతికొచ్చాకే మొదలవుతుంది.

ఎందుకంటే చాలామంది పెద్దలు దాన్ని పదేళ్ల వీసా అనుకుంటారు. ‘వీసాకి ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లి నిలబడక్కర్లేదు కదా’ అనే పిల్లలూ దరఖాస్తు పెడతారు. తల్లిదండ్రులేమో రాకపోకలకు వీలుగా ఉంటుందని సరేనంటారు. కానీ అది వచ్చిపోయేవాళ్లకిచ్చే కాగితం కాదు. ‘నా ఇల్లు ఇదే’ అని అమెరికాకు మాటిచ్చినవాళ్లకిచ్చే కాగితం. ఎంవీపీ కాలనీ రైతుబజార్లో వంకాయలు బేరమాడుతూ నిలబెట్టుకోవాల్సిన మాట కాదది.

ఆర్నెల్ల లెక్క

‘ఆర్నెల్లకోసారి వెళ్లి మొహం చూపించొస్తే చాలు’ అన్నది విశాఖలో అందరూ చెప్పే సూత్రం. ఇందులో సగమే నిజం.

చట్టం ఏమంటుందంటే, 180 రోజులకు మించి బయట ఉండి తిరిగొచ్చిన శాశ్వత నివాసిని కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిగా చూడొచ్చు. అంటే మామూలు పలకరింపుతో సరిపెట్టరు, ఆరా తీస్తారు. ఏడాది దాటితే ఇబ్బంది ముదురుతుంది. అప్పుడిక ఒట్టి కార్డు చూపించి లోపలికి వెళ్లడానికి కుదరదు. ఈ రెండు గీతలూ అందరికీ తెలుసు. తెలియనిది మూడోది. దానికి రోజుల లెక్కే లేదు. అయిదు నెలలకే తిరిగెళ్లినా సరే, ‘అసలు మీ కాపురం ఎక్కడ?’ అని అడిగే హక్కు అక్కడి అధికారికి ఉంది. అయిదు నెలలు విశాఖలో, మూడు వారాలు డాలస్‌లో, మళ్లీ అయిదు నెలలు విశాఖలో... పాస్‌పోర్టులో ముద్రలు ఇలా వరసకట్టి ఉంటే మాటలతో పనిలేదు, అవే చెప్పేస్తాయి.

కాపురం ఎక్కడో తేల్చడానికి వాళ్లు చూసేవి చాలా మామూలు సంగతులు. అక్కడ బ్యాంకు ఖాతా ఉందా, అది నడుస్తోందా? డ్రైవింగ్ లైసెన్సో, స్టేట్ ఐడీ కార్డో ఉందా? ఇంటి అద్దె ఒప్పందంలోనో, ఇన్సూరెన్సులోనో పేరుందా? అన్నిటికంటే ముఖ్యం, పన్ను కడుతున్నారా? ఇక్కడే మన పెద్దలు తెలియకుండా దెబ్బతింటారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికా రిటర్నులో చూపించాలి. పోర్టు పింఛను, ఫిక్సెడ్ డిపాజిట్ల మీద వడ్డీ, సీతమ్మధార ఫ్లాటు అద్దె... అన్నీ. మన బ్యాంకుల్లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరం విడిగా తెలపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు దొరుకుతుంది కాబట్టి చాలామందికి జేబులోంచి పెద్దగా పోయేదేమీ ఉండదు. కానీ ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని రిటర్ను వేయకపోతే, లేదా నాన్ రెసిడెంట్‌నని రాసి వేస్తే, కాపురం వదిలేశానని తమంతట తామే రాసిచ్చినట్టు అవుతుంది.

నవంబరు 1న అమెరికా వదిలితే 180వ రోజు ఏప్రిల్ 30. ఇది విశాఖవాళ్లకు కాస్త ఇరకాటమైన తేదీ. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదిలో ఒక్కరోజే, అక్షయ తృతీయనాడు. 2024లో అది మే 10న వచ్చింది. 2025లో సరిగ్గా ఏప్రిల్ 30న వచ్చింది! ఆ దర్శనం చేసుకుని వెళ్లాలనుకునేవాళ్లు దసరాకో దీపావళికో కాకుండా కార్తీకం దాటాక విశాఖలో దిగాల్సి వస్తుంది. ఇక ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణంటారా, అది ఈ లెక్కలో ఏటా పోయినట్టే. పంచాంగం, క్యాలెండరు పక్కపక్కన పెట్టుకుని టిక్కెట్లు తీసే ఇళ్లు ఈ ఊళ్లో బోలెడు.

తాళంచెవి ఎవరికి?

అలాంటి ఇల్లే ఎంవీపీ కాలనీలో ఒకటి. ఆయన పోర్టులో చేసి రిటైరయ్యారు. కూతురు న్యూజెర్సీలో, కొడుకు టెక్సాస్‌లో. ఇల్లు సముద్రానికి దగ్గర. గాలిలో ఉప్పు ఎంతంటే, ఆర్నెల్లు మూసి ఉంచితే కిటికీ చువ్వలు, గేటు బందులు తుప్పెక్కిపోతాయి. బట్టల బీరువాలో బూజు వాసన. స్కూటర్ బ్యాటరీ కథ సరేసరి. దిగిన మొదటి వారమంతా ప్లంబరు, ఎలక్ట్రీషియను, ఏసీ మెకానిక్కులతోనే గడిచిపోతుంది. వెళ్లే ముందు వారం మళ్లీ ఇదే తంతు తిరగేసి... గ్యాసు కట్టేయడం, పేపరు మాన్పించడం, తులసి మొక్కను పక్కింటికి పంపడం, తాళంచెవి ఒకటి పనమ్మాయికి, ఒకటి ఎదురింటివాళ్లకు. ‘మళ్లీ ఎప్పుడొస్తారమ్మగారూ?’ అని పనమ్మాయి అడిగితే ఆవిడ ముందు కార్డు లెక్క వేసుకుని తర్వాత చెబుతారు.

పింఛను ఇంకో ముడి. ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో బతికున్నామని చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతోనో, ముఖంతోనో డిజిటల్‌గా పని జరిగిపోతోంది కానీ, చాలామందికి ఇప్పటికీ స్టేట్ బ్యాంకుకి వెళ్లి కౌంటరు దగ్గర కనబడి వస్తేనే తృప్తి. స్టీల్‌ప్లాంటు రిటైరీలకు వచ్చేది ఈపీఎస్ పింఛను, మొత్తం చిన్నది. అయినా వదులుకోరు. డబ్బు కోసం కాదు. అమెరికాలో పాలప్యాకెట్ కూడా కొడుకు కొనాల్సిన చోట, తనదంటూ నెలనెలా పడే నాలుగు రూపాయలకు ఉండే విలువ వేరు.

ఆస్పత్రి సంగతి చెప్పకపోతే ఈ రాకపోకలకు అర్థమే ఉండదు. అరవై అయిదు దాటిన గ్రీన్‌కార్డుదారు అయిదేళ్లు వరసగా అమెరికాలో నివసించాక నెలవారీ ప్రీమియం కట్టి మెడికేర్ కొనుక్కోవచ్చు. ఆ అయిదేళ్లే గండం. ప్రైవేటు బీమా ఖరీదు చూసి కళ్లు తిరుగుతాయి. అందుకే పన్ను పీకించుకోవడానికి, శుక్లం ఆపరేషన్‌కి, గుండె పరీక్షలకి, చివరికి కళ్లజోడు మార్పించుకోవడానికీ విశాఖే. తీరా ఇక్కడికొచ్చాక మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే ఫిజియోథెరపీ ఆర్నెల్లతో ఆగదు. కాలు బాగుపడేసరికి కార్డు కుంటుతుంది.

పర్మిట్ ఉంది, కానీ...

ఎక్కువకాలం ఆగాల్సి వస్తుందని ముందే తెలిసినవాళ్లకు ఒక మార్గం ఉంది. దాని పేరు రీఎంట్రీ పర్మిట్. చూడ్డానికి పాస్‌పోర్టులాంటి చిన్న పుస్తకం. రెండేళ్ల దాకా బయట ఉండటానికి వీలిస్తుంది. ఐ-131 దరఖాస్తు పెట్టాలి. 2024 ఏప్రిల్‌లో సవరించిన ప్రకారం రుసుము 630 డాలర్లు. దరఖాస్తు పెట్టేటప్పుడు మనిషి అమెరికా గడ్డ మీద ఉండి తీరాలి. వేలిముద్రలు కూడా అక్కడే ఇవ్వాలి. ఆ తర్వాత విమానం ఎక్కేసినా పర్వాలేదు, పర్మిట్‌ను కాన్సులేట్‌కు తెప్పించుకోవచ్చు. విశాఖలో దిగి, తమ్ముడి కూతురి పెళ్లి కుదిరాక, ‘ఇంకో ఎనిమిది నెలలు ఉండాలి, పర్మిట్ తెప్పిద్దాం’ అంటే కుదరదు. గత అయిదేళ్లలో నాలుగేళ్లకు పైగా బయటే గడిపినవాళ్లకు మామూలుగా ఒక్క ఏడాదికే ఇస్తారు.

పర్మిట్ ఉన్నా పౌరసత్వం గడియారం మాత్రం ఆగిపోతుంది. అయిదేళ్ల నివాసంలో కనీసం 30 నెలలు అక్కడే ఉండాలి. ఒక్క విడత ఆర్నెల్లు దాటినా నివాసం తెగిందని అనుమానిస్తారు. ఏడాది దాటితే అనుమానం కూడా ఉండదు, తెగినట్టే.

మరి పర్మిట్ లేకుండా ఏడాది దాటిపోతే? 2020లో అదే జరిగింది. ఆ మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మామూలు షెడ్యూలు విమానాలు తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో వందేభారత్ విమానాలు, ఎయిర్ బబుల్ విమానాలు నడిచాయి, నిజమే. కానీ డెబ్బై ఏళ్లు దాటి, షుగరూ బీపీ ఉన్న దంపతులను, టీకా కూడా రాని రోజుల్లో, ఇరవై నాలుగు గంటల ప్రయాణానికి ఏ బిడ్డ రమ్మంటాడు? ‘కార్డు పోతే పోయింది, మీరు ఇంట్లోనే ఉండండి’ అన్న ఫోన్లు విశాఖకు చాలానే వచ్చాయి. ‘విమానం ఎక్కేయండి’ అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరిది తప్పని ఇప్పుడు కూర్చుని చెప్పడం అన్యాయం. అలా ఏడాది దాటినవాళ్లకు మిగిలింది ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా. బయలుదేరినప్పుడే తిరిగి వెళ్లాలన్న ఉద్దేశం ఉందని, ఆలస్యం తమ చేతిలో లేని కారణంవల్ల జరిగిందని రుజువు చేసుకోవాలి. రద్దయిన టిక్కెట్టు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, అక్కడ వేసిన పన్ను రిటర్ను... ఏ చిన్న చీటీ పారేసినా బాధపడాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం పైకప్పును లేపేసినప్పుడు ప్రయాణాలు ఆగింది కొద్ది రోజులే. ఈసారి తుపాను రెండేళ్లు వీచింది.

ఈ ఊరికి కార్డులు కొత్త కాదు

విశాఖలో ‘కార్డు’ అంటే గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఇప్పటికీ వేరే అర్థం ఉంది. ఆర్ కార్డు. స్టీల్‌ప్లాంటు కోసం భూములిచ్చి ఊళ్లొదిలిన నిర్వాసిత కుటుంబాలకు ఇచ్చిన పునరావాస కార్డు అది. దాని మీద ఉద్యోగం వస్తుందని తండ్రి ఎదురుచూశాడు, కొడుకు ఎదురుచూశాడు, ధర్నాలు చేశారు. అక్కడ నేల వదిలినందుకు కార్డిచ్చారు. ఇక్కడేమో నేల వదిలితే కార్డు తీసేసుకుంటారు.

కంచరపాలెం వెళ్తే ఇంకో కథ. అక్కడ బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. అమెరికా కలలో కూడా లేని రోజుల్లో ఉత్తరాంధ్ర జనానికి విదేశమంటే బర్మాయే. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లేవాళ్లు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద మనవాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. రంగూన్లోనే రెండు మూడు తరాలు పుట్టి పెరిగాయి. 1948లో బర్మాకు స్వాతంత్య్రం వచ్చాక అడిగారు, మీరు ఎవరు అని. పౌరసత్వం తీసుకున్నవాళ్లు కొందరే. మిగతావాళ్లు విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకుని, రుసుము కట్టి దాన్ని ఏటా తిరగరాయించుకుంటూ ఉండాల్సి వచ్చింది. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి దుకాణాలన్నీ జాతీయం. లక్షల మంది భారతీయులు ఇంచుమించు కట్టుబట్టలతో ఓడలెక్కారు. అలా వచ్చినవాళ్లలో కొందరికి విశాఖ నీడనిచ్చిన చోటే బర్మా క్యాంపు. వాళ్ల కోసం, సిలోన్ నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో మద్రాసు కేంద్రంగా ప్రత్యేకంగా ఒక సహకార బ్యాంకే పెట్టారు. రెప్కో బ్యాంకు అంటే అదే.

రంగూన్ కూలీకి, డాలస్‌లో మనవల్ని ఆడించే రిటైర్డ్ ఇంజినీరుకు పోలికేమిటనొచ్చు. పోలిక మనుషుల్లో లేదు, కాగితంలో ఉంది. అమెరికా గ్రీన్‌కార్డు పుట్టుక కూడా విదేశీయుల రిజిస్ట్రేషన్ చట్టంలోనే, 1940 నాటి మాట. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి శాశ్వత నివాసీ ఆ కార్డును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం ఇప్పటికీ చెబుతుంది. మన పెద్దలు మాత్రం దాన్ని పోతుందేమోనని బ్యాంకు లాకర్లో పెడతారు!

తిరగరాయించుకోవడం

కార్డు గడువు పదేళ్లు. పెళ్లి ద్వారా కొత్తగా వచ్చినవాళ్లకు మొదట రెండేళ్ల షరతు కార్డు. 1980ల చివరి దాకా ఇచ్చిన కొన్ని కార్డుల మీద అసలు గడువు తేదీయే ఉండేది కాదు. రంగు సంగతీ అంతే. ఆకుపచ్చగా మొదలై, 1960ల్లో ఆ రంగు పోయి, 2010లో మళ్లీ పచ్చబడింది. పేరు మాత్రం మారలేదు.

చాలామంది భయపడేది కార్డు గడువు తీరితే హోదా పోతుందని. పోదు. తీరేది ప్లాస్టిక్ ముక్క గడువే, నివాస హక్కుది కాదు. గడువుకు ఆర్నెల్ల ముందు నుంచి ఐ-90 దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్ సవరణ ప్రకారం ఆన్‌లైన్‌లో అయితే 415 డాలర్లు, కాగితం మీద అయితే 465. రసీదు చాలా ముఖ్యం. 2024 సెప్టెంబరు 10 నుంచి ఆ రసీదే పాత కార్డు గడువును 36 నెలలు పొడిగిస్తోంది. పాత కార్డు, రసీదు రెండూ కలిపి చూపిస్తే ప్రయాణాలకూ పనికొస్తాయి. విశాఖలో ఉండగా గడువు దగ్గరపడితే ఇక్కడి నుంచి రెన్యువల్ పెట్టరు, ఏడాదిలోపు తిరిగెళ్లి అక్కడే పెట్టుకోవాలి. కార్డు ఇక్కడ పోగొట్టుకుంటే సంగతి వేరు. ఏడాదిలోపే వెళ్లేవాళ్లు కాన్సులేట్‌లో దరఖాస్తు చేసుకుని విమానం ఎక్కడానికి అనుమతి పత్రం తెచ్చుకోవచ్చు.

కార్డు పోస్టులో తప్పిపోవడానికి మన ఇళ్లలో ఉండే కారణం ఒకటే. మూడు నెలలు కొడుకింట్లో, మూడు నెలలు కూతురింట్లో. చిరునామా మారిన పది రోజుల్లో తెలియజేయాలన్న నిబంధన ఉందని ఎవరికీ గుర్తుండదు. కార్డేమో అమ్మాయి ఖాళీ చేసిన అపార్ట్‌మెంటు పోస్టుడబ్బాలో పడి ఉంటుంది.

మిగతా దేశాలవాళ్లకు లెక్క వేరు. కెనడాలో అయిదేళ్లలో 730 రోజులు ఉంటే చాలు. మిగతా రోజులు ఎక్కడున్నా అడగరు. ఆర్నెల్ల గొడవ లేని ఆ పద్ధతే పెద్దలకు నయమనిపిస్తుంది, కనీసం వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. దుబాయ్, అబుదాబి వెళ్లినవాళ్లకు గోల్డెన్ వీసా లేకపోతే ఆర్నెల్లు బయట ఉంటే నివాస అనుమతి రద్దయినట్టే. సిక్కోలు నుంచి వెల్డర్లుగా వెళ్లిన కుర్రాళ్లందరికీ ఆ లెక్క కంఠతా వచ్చు.

సంతకం పెట్టమంటే?

విమానాశ్రయంలో అధికారికి అనుమానం వస్తే ఐ-407 అనే కాగితం ముందుకు జరుపుతాడు. శాశ్వత నివాసం స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని దాని సారాంశం. 2025 మార్చిలో అమెరికాలోని న్యాయవాదులు చెప్పిన సంగతులు పత్రికల్లోకెక్కాయి. చలికాలం ఇండియాలో గడిపి వచ్చిన వృద్ధులను ఈ సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నారని. పెట్టి తీరాలనేం లేదు. ఒప్పుకోకపోతే ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు తన వాదన చెప్పుకునే హక్కు ఉంది, హోదా తీసేయాలంటే తీర్పు చెప్పాల్సింది ఆ జడ్జే. ఈ ముక్క విశాఖలో బయలుదేరే ప్రతి పెద్దమనిషికీ పిల్లలు ముందే తెలుగులో వివరంగా చెప్పి ఉంచాలి. ఇరవై గంటలు కూర్చుని కాళ్లు వాచి, వీల్‌చెయిర్‌లో దిగిన మనిషి ముందు ఇంగ్లిషు కాగితం పెడితే, మన పెద్దలకు అలవాటైన మర్యాద కొద్దీ సంతకం పెట్టేస్తారు.

అదే కాగితం తమంతట తామే నింపి పంపేవాళ్లూ ఉన్నారు. ఫీజు లేదు, పోస్టులో పంపొచ్చు. ఆ తర్వాత మామూలు సందర్శకుల వీసాకి దరఖాస్తు. ఒకప్పుడు ఆ వీసాకి మద్రాసు పోవాల్సి వచ్చేది. 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు, 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు మారింది. విశాఖలోనే కాపురం, మనవల్ని చూసి రావడమే పని అనుకునేవాళ్లకు నిజాయతీగా సరిపోయేది ఈ వీసాయే. కార్డు వదిలేసినట్టు కాగితం చూపిస్తే వీసా అధికారికీ ఇక్కడే ఉంటారన్న నమ్మకం కుదురుతుంది. అయితే ఒకసారి వదిలాక మళ్లీ కావాలంటే కొడుకు మొదటి నుంచి దరఖాస్తు పెట్టాల్సిందే. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవాళ్లు ఎక్కడుంటారన్నది ఏ ఫారంలోనూ ఉండదు. ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న చుట్టూనే అన్ని నిర్ణయాలూ తిరుగుతాయి.

పౌరసత్వం తీసుకుంటే రోజుల లెక్క పూర్తిగా పోతుంది. బదులుగా భారత పాస్‌పోర్టు తిరిగిచ్చేయాలి. ఓటు పోతుంది. 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైన ఓసీఐ కార్డుతో జీవితాంతం రావొచ్చు, పోవొచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనలేరు. పరీక్ష ఇంగ్లిషులో ఉంటుంది. కార్డు వచ్చి పదిహేనేళ్లై వయసు 55 దాటినవాళ్లకు, లేదా ఇరవయ్యేళ్లై 50 దాటినవాళ్లకు ఇంగ్లిషు పరీక్ష నుంచి మినహాయింపు. వాళ్లు పౌరశాస్త్రం ప్రశ్నలకు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. అరవై దాటాక కార్డు తీసుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు అందేసరికి డెబ్బై అయిదు వస్తుంది.

ఎంవీపీ కాలనీ దంపతులది ఇందులో ఏదీ కాదు. ఆవిడ కూతురి దగ్గర ఉండిపోయి పౌరసత్వానికి రోజులు లెక్కపెడుతున్నారు. ఆయన రీఎంట్రీ పర్మిట్ మీద విశాఖలో ఉన్నారు. పెళ్లయిన నలభై నాలుగేళ్లకు మొదటిసారి వంట నేర్చుకున్నారు. రాత్రి తొమ్మిదింటికి, అక్కడ పొద్దున్న, ఫోన్లో పోపు ఎప్పుడు వేయాలో ఆవిడ చెబుతారు, ఆయన మూకుడు ముందు నిలబడి వింటారు. పర్మిట్‌కు ఇంకా పద్నాలుగు నెలల గడువుంది.